బరువైన దేహంతో పరుగు: ఆరంభకులు తెలుసుకోవలసిన విషయాలు

తెలతెలవారుతుండగా సరిహద్దు గ్రామాల రహదారులపై పరుగెత్తుతూ కనిపించేవారు సాధారణంగా ఇరవై ఏళ్ల యువకులు. పోలీసు కానిస్టేబులు ఎంపికలకు, సైన్యంలో చేరికకు 1600 మీటర్ల పరుగు పరీక్ష ఉంటుంది గనుక వారి పరుగుకు ఒక గడువు, ఒక గడియారం, ఒక ఉద్యోగాశ ఉంటాయి. నలభై దాటి, తొంభై కిలోల బరువుతో, వైద్యుడు "చక్కెర వ్యాధి అంచున ఉన్నారు" అని చెప్పిన తరువాత పరుగు మొదలుపెట్టదలచిన వ్యక్తికి ఈ యువకులే కనబడే ఆదర్శం. అనర్థానికి మూలం కూడా ఇక్కడే ఉంది. ఆ వ్యక్తి మొదటి రోజే వారి వేగాన్ని అనుకరిస్తాడు. మూడవ రోజుకు మోకాలు పట్టేస్తుంది, పదవ రోజుకు బూట్లు అటక ఎక్కుతాయి. "మన ఒంటికి పరుగు సరిపడదు" అనే తీర్మానం మాత్రం జీవితాంతం మిగిలిపోతుంది. నిజానికి సరిపడనిది పరుగు కాదు, ఆ మొదటి పది రోజుల వేగం.

స్థూలకాయమంటే ఎంత?

సరిహద్దు జిల్లాలలో ఆసుపత్రి బోర్డులను చదివేవారికి ఈ స్థితి అనేక పేర్లతో ఎదురవుతుంది. తెలుగులో స్థూలకాయం లేదా ఊబకాయం, తమిళంలో ఉడల్ పరుమన్, కన్నడంలో బొజ్జు, ఒడియాలో మేదబహుళత, మరాఠీలో లఠ్ఠపణా. వీటిలో కన్నడ పదం మన బొజ్జకు దగ్గర చుట్టం వలె వినిపిస్తుంది. అది ఒక విధంగా శాస్త్రసమ్మతమే, ఎందుకనగా దక్షిణాసియా వాసులలో ప్రమాదం ఎక్కువగా పేరుకొనేది పొట్ట వద్దనే.

కొలత సులభం. బరువును కిలోలలో తీసుకొని, ఎత్తును మీటర్లలోకి మార్చి, ఆ ఎత్తును దానితోనే గుణించి, వచ్చిన సంఖ్యతో బరువును భాగించాలి. 165 సెంటీమీటర్ల ఎత్తు, 85 కిలోల బరువు ఉన్నవారికి 85ను 2.72తో భాగిస్తే 31 వస్తుంది. దీనినే బి.ఎం.ఐ. అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 25 దాటితే అధిక బరువు, 30 దాటితే స్థూలకాయం. అయితే మనవారికి తక్కువ బరువులోనే చక్కెర వ్యాధి, గుండె జబ్బు వస్తున్నందున 2009లో భారతీయ వైద్య నిపుణులు ఈ హద్దులను 23కు, 25కు దించారు. నడుము కొలత అంతకన్నా సూటి సూచన: పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదు. దర్జీ వద్ద ఉండే టేపు చాలు. బొడ్డు వద్ద, ఊపిరి బిగపట్టకుండా కొలవాలి.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 24 శాతం, పురుషులలో సుమారు 23 శాతం మందికి బి.ఎం.ఐ. 25 లేదా అంతకు మించి ఉంది. స్త్రీల విషయంలో ఒడిశా, మహారాష్ట్ర సుమారు 23 శాతంతో దేశ సగటుకు దగ్గరగా ఉండగా, కర్ణాటక, తెలంగాణలు 30 శాతం, ఆంధ్రప్రదేశ్ 36 శాతం, తమిళనాడు 40 శాతం వరకు చేరాయి. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం దేశంలో 10 కోట్ల మందికి పైగా చక్కెర వ్యాధిగ్రస్తులు, 13 కోట్ల మందికి పైగా ఆ వ్యాధి అంచున ఉన్నవారు ఉన్నారని అంచనా వేసింది. ఈ అంచున ఉన్నవారికే నడక, పరుగుల వలన కలిగే మేలు అత్యధికం. వారిలో చాలామంది వ్యాధి ముదరకుండా ఆపుకోగలరు.

నెమ్మది పరుగు ఎక్కడ పుట్టింది?

సామాన్యులు, పెద్ద వయసువారు, గుండెపోటు వచ్చినవారు సైతం మెల్లగా పరుగెత్తవచ్చుననే ఆలోచన ప్రజలలోకి వచ్చింది న్యూజిలాండులోని ఆక్లండ్ నగరం నుంచి. అక్కడ ఆర్థర్ లిడియార్డ్ అనే శిక్షకుడు ఉండేవాడు. మొదట చెప్పుల కర్మాగారంలో పనిచేసిన మనిషి. 1960 రోమ్ ఒలింపిక్సులో ఆయన శిష్యులు పీటర్ స్నెల్ 800 మీటర్లలో, మరే హాల్బర్గ్ 5000 మీటర్లలో బంగారు పతకాలు గెలిచారు. ఆ విజయాలకన్నా ఆయన చేసిన మరొక పని లోకానికి ఎక్కువ ఉపకరించిందని చెప్పవచ్చు. 1962లో ఆక్లండ్ జాగర్స్ క్లబ్ ఏర్పడింది. బొజ్జలు పెరిగిన వ్యాపారులు, హృద్రోగులు అందులో చేరి లిడియార్డ్ పద్ధతిలో నెమ్మదిగా, మాట్లాడుకుంటూ పరుగెత్తసాగారు.

ఆ రోజులలోనే అమెరికాలోని ఆరెగాన్ విశ్వవిద్యాలయ శిక్షకుడు బిల్ బోవర్మన్ అక్కడికి వెళ్లాడు. ఒలింపిక్ స్థాయి క్రీడాకారులను తీర్చిదిద్దిన ఆయన, అప్పటికి యాభై ఏళ్లు దాటి, వారితో పరుగుకు దిగి వెనుకబడిపోయాడు. ఆయనకు తోడుగా ఆగిన వ్యక్తి అంతకుముందే గుండెపోట్లు వచ్చి తేరుకున్న డెబ్బై ఏళ్లు దాటిన వృద్ధుడు. బోవర్మన్ స్వదేశానికి తిరిగి వెళ్లి తన ఊరి జనాన్ని కూడగట్టి అదే పద్ధతి నేర్పాడు. ఒక హృద్రోగ వైద్యుడితో కలిసి 1967లో జాగింగ్ మీద పుస్తకం వెలువరించాడు. పరుగు అనే పనిని పోటీ నుంచి విడదీసిన మలుపు ఇది.

ఆ తరువాత మరొక మెట్టు నడక, పరుగుల కలయిక. 1972 ఒలింపిక్సులో అమెరికా తరఫున పాల్గొన్న జెఫ్ గాలోవే, ఆరంభకులకు కొంత పరుగు, కొంత నడక అనే పద్ధతిని 1970లలో ప్రచారంలోకి తెచ్చాడు. 1996లో జాష్ క్లార్క్ అనే యువకుడు, కదలకుండా కూర్చొని ఉండేవారు తొమ్మిది వారాలలో అరగంట పరుగెత్తగలిగేటట్లు ఒక పట్టిక తయారుచేశాడు. తన తల్లిని దృష్టిలో ఉంచుకొని రాసిన ఆ పట్టికే నేడు ప్రపంచమంతటా లక్షలాది మంది అనుసరిస్తున్నది. దాని వివరం క్రింద వస్తుంది.

మొదలుపెట్టే ముందు

నలభై దాటినవారు, బి.ఎం.ఐ. 30 మించినవారు, రక్తపోటు లేదా చక్కెర ఉన్నవారు, పొగ తాగేవారు, తండ్రికి గాని సోదరులకు గాని చిన్న వయసులో గుండెపోటు వచ్చిన చరిత్ర ఉన్నవారు వైద్యుని చూడకుండా పరుగు ఆరంభించరాదు. మెట్లు ఎక్కుతుంటే ఛాతీ పట్టేసినట్లుండడం, ఎడమ చేతికో దవడకో నొప్పి పాకడం, కారణం లేకుండా స్పృహ తప్పడం వంటివి ఉంటే అది పరుగుకు తగిన సమయం కాదు, ఆసుపత్రికి వెళ్లవలసిన సమయం.

ఈ పరీక్షల కొరకు పట్టణం దాకా వెళ్లనక్కరలేదు. 2023 నుంచి ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలనే పేరుతో నడుస్తున్న గ్రామ ఆరోగ్య కేంద్రాలలో ముప్పై ఏళ్లు దాటినవారికి రక్తపోటు, చక్కెర పరీక్షలు ఉచితంగా చేస్తారు. తమిళనాడులో ఇంటి వద్దకే వచ్చి పరీక్షించి మందులిచ్చే మక్కళై తేడి మరుత్తువం పథకం 2021 ఆగస్టు 5న మొదలైంది కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లిలోనే. హోసూరు, శూలగిరి ప్రాంతాల తెలుగు కుటుంబాలకు అది పెరటి చెట్టు వంటిది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదనే సామెతను ఇక్కడ పక్కన పెట్టవలసి ఉంటుంది.

మందులు వాడేవారు రెండు మూడు విషయాలు వైద్యునితో మాట్లాడాలి. ఇన్సులిన్ లేదా చక్కెరను బలంగా దించే కొన్ని మాత్రలు తీసుకునేవారికి పరుగు మధ్యలో చక్కెర పడిపోయి వణుకు, చెమట, కళ్లు తిరగడం కలగవచ్చు. వారు జేబులో పంచదార పొట్లం లేదా గ్లూకోజు ఉంచుకోవాలి, ఒంటరిగా పోరాదు. చక్కెర వ్యాధి వలన పాదాలలో స్పర్శ తగ్గినవారికి బొబ్బ లేచినా తెలియదు. ప్రతి పరుగు తరువాత అరికాళ్లు కంటితో చూసుకోవాలి, వంగలేకపోతే ఇంట్లోవారు చూడాలి. మూత్రం ఎక్కువగా పోయించే రక్తపోటు మాత్రలు ఎండకాలంలో నీరసం తెస్తాయి. స్త్రీలు హిమోగ్లోబిన్ పరీక్ష తప్పక చేయించుకోవాలి. పైన చెప్పిన సర్వేలోనే 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. లావుగా ఉన్నవారికి రక్తం తక్కువ ఉండదనుకోవడం పొరపాటు.

తొలి ఆరు వారాలు నడకే

బరువైనవారికి ఇచ్చే సలహాలలో అత్యంత విలువైనది, అత్యంత నిరాదరణకు గురయ్యేది ఇదే. నడిచేటప్పుడు ఒక పాదం ఎల్లప్పుడూ నేల మీద ఉంటుంది. పరుగులో రెండు పాదాలూ క్షణకాలం గాలిలో ఉండి, తరువాత శరీరమంతా ఒకే కాలిపై దిగుతుంది. ఆ క్షణంలో నేల తిరిగి తన్నే బలం శరీర బరువుకు రెండు నుంచి మూడు రెట్లు ఉంటుంది. అరవై కిలోల యువకుడికి, తొంభై ఐదు కిలోల గృహస్థుకు ఆ లెక్కలో ఎంత తేడా వస్తుందో చెప్పనక్కరలేదు.

శరీరంలోని భాగాలన్నీ ఒకే వేగంతో అలవాటు పడవు. గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాలలోనే మెరుగుపడతాయి. కండరాలు ఆ వెనుక. ఎముకలు, కండరాలను ఎముకకు కట్టే స్నాయువులు నెలల తరబడి సమయం తీసుకుంటాయి. అందువలన మూడవ వారంలో "ఇక ఆయాసం లేదు, వేగం పెంచవచ్చు" అని ఊపిరి చెబుతుంది గాని, కాలి ఎముక ఇంకా ఒప్పుకొని ఉండదు. కొత్తవారి గాయాలలో అధికభాగం ఈ ఎడంలో పుట్టినవే. డెన్మార్కులో 930 మంది కొత్త పరుగరులను ఏడాదిపాటు గమనించిన అధ్యయనంలో బి.ఎం.ఐ. 30 దాటినవారికి గాయాలు ఎక్కువగా కలిగాయి. అటువంటివారు మొదటి వారం మొత్తం మీద మూడు కిలోమీటర్లకు మించి పరుగెత్తకపోవడం మేలని అదే పరిశోధకుల బృందం సూచించింది. రోజుకు కాదు, వారానికి మూడు.

కావున మొదటి ఆరు వారాలు వారానికి ఐదు రోజులు, ఇరవై నిమిషాలతో మొదలై నలభై నిమిషాల దాకా పెరిగే చురుకైన నడక చాలు. నడకలో చేతులు ఊగాలి, ఊపిరి కొద్దిగా బరువెక్కాలి. నలభై నిమిషాలు నడిచి ఇంటికి వచ్చిన మరునాడు కాళ్లు మామూలుగా ఉంటేనే తరువాతి మెట్టుకు పోవాలి. ఇప్పటికే పొలం పనుల వలన రోజూ గంటలకొద్దీ నడిచేవారు ఈ కాలాన్ని రెండు మూడు వారాలకు తగ్గించుకోవచ్చు. దుకాణంలో, బడిలో, కార్యాలయంలో కూర్చొనేవారు తగ్గించుకోరాదు.

ఈ ఆరు వారాలలో కాళ్లకు బలం కూడా సమకూర్చాలి. కుర్చీ అంచున కూర్చొని, చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, గోడ పట్టుకొని మడమలు ఎత్తి ముని వేళ్లపై నిలవడం, మెట్టుపై ఎక్కి దిగడం చాలు. మడమలెత్తే వ్యాయామాన్ని మెట్టు అంచున చేయమని పుస్తకాలు చెబుతాయి. కొందరు గడప మీద నిలబడి చేయబోయి పెద్దల చీవాట్లు తింటారు. నేల మీద చేసినా ఫలితం ఉంటుంది. బడిలో శిక్షగా తీసిన గుంజీళ్లు కూడా ఉత్తమ వ్యాయామమే, అయితే మోకాలి నొప్పి ఉన్నవారు సగం వరకే కూర్చోవాలి.

నడక మధ్య పరుగు

జాష్ క్లార్క్ పట్టికలో మొదటి వారం ఇలా ఉంటుంది. ఐదు నిమిషాలు చురుకుగా నడిచి, తరువాత ఇరవై నిమిషాల పాటు 60 సెకన్లు పరుగు, 90 సెకన్లు నడక మార్చి మార్చి చేయాలి. వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కొక్క రోజు విరామం. రెండవ వారం 90 సెకన్ల పరుగు, రెండు నిమిషాల నడక. మూడవ వారంలో మూడు నిమిషాల పరుగు ప్రవేశిస్తుంది. ఐదవ వారం చివర ఒకేసారి ఇరవై నిమిషాల పరుగు వస్తుంది. తొమ్మిదవ వారంలో ఆగకుండా అరగంట.

ఈ ఐదవ వారపు ఇరవై నిమిషాలు ఎందరినో భయపెట్టి వెనక్కు పంపాయి. పట్టిక సన్నగా ఉన్నవారికి సైతం కొంత తొందరే. తొంభై కిలోలు దాటినవారు ప్రతి వారపు పాఠాన్ని రెండు వారాలు చేసి, తొమ్మిది వారాల పనిని పద్దెనిమిది వారాలలో ముగించుకోవడం వివేకం. ఇందులో నామోషీ ఏమీ లేదు. పట్టిక రాసినవాడికి మన మోకాళ్లు తెలియవు.

చేతి గడియారం, ఫోను లేనివారికి రోడ్డు పక్కన కరెంటు స్తంభాలే గడియారం. ఒక స్తంభం దాకా పరుగు, రెండు స్తంభాల దాకా నడక. నెల తిరిగేసరికి రెండు స్తంభాల పరుగు, రెండు స్తంభాల నడక. స్తంభాల ఎడం ఊరూరికీ మారినా తన ఊరి స్తంభాలతో తన్ను తాను పోల్చుకోవడానికి అడ్డు లేదు.

వేగం ఎంత ఉండాలనే ప్రశ్నకు జవాబు: పక్కవారితో పూర్తి వాక్యం మాట్లాడగలిగినంత. ఒంటరిగా పరుగెత్తేవారు పదమూడో ఎక్కం పైకి చెప్పి చూసుకోవచ్చు. ఎక్కం మధ్యలో ఊపిరి తెగితే వేగం ఎక్కువైనట్లు. ఇలా చూస్తే చాలామంది ఆరంభకుల సరైన పరుగు, చురుకైన నడక కన్నా కొద్దిగానే ఎక్కువ. కిలోమీటరుకు తొమ్మిది పది నిమిషాలు పట్టవచ్చు. వీధి అరుగు మీద కూర్చున్నవారికి అది పరుగులా కనిపించకపోవచ్చు. అడుగులు పొడవుగా వేయక, చిన్నవిగా, దగ్గరదగ్గరగా వేయాలి. పాదం మోకాలికి ముందుకు చాచినట్లు కాక, శరీరం క్రిందనే పడాలి. చిన్న అడుగు వలన మోకాలిపై పడే దెబ్బ తగ్గుతుంది.

ఏ నొప్పి ఓర్చుకోదగినది?

మొదటి వారాలలో తొడలు, పిక్కలు రెండు వైపులా సమానంగా నొప్పి చేసి, రెండు మూడు రోజులలో తగ్గితే అది కండరాలు పని నేర్చుకుంటున్న నొప్పి. ఒకే వైపు, ఒకే చోట, వేలితో చూపగలిగిన నొప్పి వేరు.

మోకాలి చిప్ప చుట్టూ, ముఖ్యంగా మెట్లు దిగేటప్పుడు వచ్చే నొప్పికి సాధారణ కారణం తొడ కండరాల బలహీనత, దూరం తొందరగా పెంచడం. వారం పాటు నడకకు తగ్గి, కుర్చీ వ్యాయామం కొనసాగిస్తే చాలామందికి సర్దుకుంటుంది. ముంగాలి ఎముక లోపలి అంచు వెంట జానెడు పొడవున లాగినట్లుండే నొప్పి కూడా కొత్తవారికి సహజం. దానికీ విరామమే మందు. అదే ఎముకపై ఒక్క చోట వేలు పెడితే చురుక్కుమంటూ, రాత్రి పడుకున్నప్పుడు కూడా సలుపుతుంటే ఎముకలో సన్నని చీలిక ఏర్పడి ఉండవచ్చు. దానిపై కట్టు కట్టుకొని పరుగెత్తడం వలన చీలిక విరుగుడుగా మారుతుంది. అటువంటప్పుడు ఎముకల వైద్యుడే శరణ్యం. తొలి దశలో ఎక్స్‌రేలో అది కనబడకపోవచ్చుననే సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

ఉదయం మంచం దిగి తొలి అడుగు వేయగానే మడమ క్రింద మేకు గుచ్చినట్లుండే నొప్పి బరువైనవారిలో అధికం. అరికాలి పొర వాపు దీనికి కారణం. పిక్కలను, అరికాలిని రోజుకు రెండు మూడుసార్లు సాగదీయడం, ఇంట్లో సైతం వట్టి కాళ్లతో సిమెంటు నేలపై తిరగక మెత్తని చెప్పులు వేసుకోవడం మేలు చేస్తాయి. ఇది నెలల తరబడి సతాయించగల నొప్పి కనుక ఓపిక అవసరం.

పరుగు మోకాళ్లను అరగదీస్తుందనే నమ్మకం గ్రామాలలో బలంగా ఉంది. 2017లో అనేక అధ్యయనాలను కలిపి చూసిన పరిశీలనలో, ఆరోగ్యం కొరకు పరుగెత్తేవారిలో సుమారు 3.5 శాతం మందికి, కదలక కూర్చొనేవారిలో 10 శాతం మందికి తుంటి లేదా మోకాలి కీళ్ల అరుగుదల కనిపించింది. పోటీ స్థాయి పరుగరులలో అది 13 శాతం. అనగా మితమైన పరుగు అరగదీస్తుందనడానికి ఆధారం లేదు. ఇప్పటికే అరుగుదల నిర్ధారణ అయినవారి సంగతి వేరు. వారు వైద్యుని అనుమతి లేనిదే నడకను దాటరాదు. మరొక పరిశోధనలో, తగ్గిన ఒక్కొక్క కిలో బరువుకు ప్రతి అడుగులో మోకాలిపై పడే భారం నాలుగు కిలోల వంతున తగ్గినట్లు తేలింది.

బూట్లు, బట్టలు, దారి

ఖర్చు పెట్టవలసిన వస్తువు ఒక్కటే, బూట్లు. హవాయి చెప్పులతో పరుగు ప్రమాదకరం. వట్టి కాళ్ల పరుగు బాల్యం నుంచి అలవాటున్నవారికి చెల్లవచ్చు గాని, బరువైన ఆరంభకులకు కాదు. సాయంత్రం పాదాలు కొద్దిగా ఉబ్బి ఉంటాయి కనుక ఆ వేళలో కొనాలి. పెద్ద వేలి ముందు బొటనవ్రేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, వేళ్లు పక్కలకు నొక్కుకుపోరాదు. పేరు మోసిన కంపెనీ అవసరం లేదు.

తొడలు రాసుకొని ఒరుసుకుపోవడం లావైనవారికి పెద్ద బాధ, బయటకు చెప్పుకోనిది కూడా. పరుగుకు ముందు కొబ్బరి నూనె గాని వ్యాజిలీను గాని రాసుకొని, మోకాలి దాకా బిగువుగా ఉండే లోదుస్తు వేసుకుంటే తప్పుతుంది.

మన దేశంలో వాహనాలు ఎడమ పక్కన నడుస్తాయి కనుక, పరుగెత్తేవారు కుడి పక్కన, ఎదురుగా వచ్చే వాహనం కనబడేటట్లు పోవాలి. చీకటిలో తెల్లని చొక్కా ఉండాలి. జాతీయ రహదారుల అంచు వెంట పరుగు ఎన్నడూ తగదు. ఎనభై తొమ్మిదేళ్ల వయసులో తొలి మారథాన్ పూర్తిచేసి లోకప్రసిద్ధుడైన ఫౌజా సింగ్, 2025 జూలైలో పంజాబులోని తన గ్రామం వద్ద రోడ్డు దాటుతూ కారు ఢీకొని మరణించాడు. బడి మైదానం, చెరువు కట్ట, బళ్లారి వైపు తుంగభద్ర కాలువ గట్లు మేలైన దారులు. అయితే గట్లపై వెలుతురు వచ్చాకనే, పాములను చూసుకొని పోవాలి. కుక్క వెంటపడితే పరుగు ఆపి నిలబడడం మేలు.

ఎండ విషయంలో ఊరికొక నియమం. హోసూరు పీఠభూమి చల్లదనంలో ఎనిమిది గంటల దాకా పరుగెత్తవచ్చు. బళ్లారి, సిరొంచలలో వేసవిన సూర్యోదయానికి ముందే ముగించాలి. యానాంలో ఎండ కన్నా గాలిలోని తేమ శత్రువు. చెమట ఆరినప్పుడే శరీరం చల్లబడుతుంది, తేమ గాలిలో చెమట కారుతుంది గాని ఆరదు. అక్కడ వేగం మరింత తగ్గించాలి. లావైన శరీరం వేడిని తొందరగా వదలలేదు. ఎండకాలం మొదలైన తొలి రెండు వారాలు సగం దూరమే చాలు. తల తిరగడం, వాంతి, మాట తడబడడం కనిపిస్తే నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లు పోసి, విసరుతూ 108కి ఫోను చేయాలి. ఈ సంఖ్య మన సరిహద్దులకు అటూ ఇటూ ఉన్న రాష్ట్రాలన్నింటిలోనూ పనిచేస్తుంది. ఫోను పక్క రాష్ట్రపు టవరును పట్టుకుంటే పిలుపు ఆ రాష్ట్ర కేంద్రానికి పోయే అవకాశం ఉంది కనుక ఊరి పేరుతో పాటు మండలమో తాలూకానో, జిల్లా, రాష్ట్రం స్పష్టంగా చెప్పాలి. పరుగులో ఛాతీ పట్టేసినా ఇదే సంఖ్య. "గ్యాస్ అయి ఉంటుంది" అని సోడా తాగించి గంట గడపడం ప్రాణాంతకం.

స్త్రీల సంగతి

స్త్రీకి పరుగులో తొలి అడ్డంకి బరువు కాదు, ఉదయం ఐదున్నర నుంచి ఏడున్నర దాకా వంటింటి పని. ఆ గంటలలో అన్నం, క్యారియరు, పిల్లల జడలు ఎవరు చూస్తారో ముందు తేలనిదే ఏ పట్టికా సాగదు. వారానికి మూడు ఉదయాలు, నలభై ఐదు నిమిషాల చొప్పున, ఇంట్లో మరొకరు పొయ్యి వెలిగించడానికి ఒప్పుకోవాలి. పురుషుని పరుగుకు ఈ ఒప్పందం ఎవరూ అడగరు.

చీరతో పరుగు కాళ్లకు అడ్డం పడుతుంది. చుడీదారు, పైన వదులు చొక్కా చాలు, చున్నీని నడుముకు ముడివేయాలి. వక్షానికి గట్టి ఆధారమిచ్చే లోదుస్తు బూట్లతో సమానమైన అవసరం. ఇద్దరు ముగ్గురు కలిసి బడి మైదానంలో పోవడం భద్రతకూ, వీధి మాటలకూ విరుగుడు. కాన్పు తరువాత కనీసం మూడు నెలలు ఆగాలి, ఆపరేషను అయితే వైద్యురాలిని అడిగి నిర్ణయించుకోవాలి. పరుగులో మూత్రం చుక్కలుగా పడడం కాన్పులయిన ఎందరికో ఉన్నదే. సిగ్గుపడి మానుకోనక్కరలేదు, కటి కండరాలను బిగించి వదిలే వ్యాయామంతో చాలామందికి తగ్గుతుంది.

బరువు ఎంత తగ్గుతుంది?

ఇక్కడ నిజం చేదుగా ఉంటుంది. కిలోమీటరు పరుగుకు శరీర బరువులోని ప్రతి కిలోకు సుమారు ఒక కిలో కేలరీ ఖర్చవుతుంది. తొంభై కిలోల మనిషి మూడు కిలోమీటర్లు పరుగెత్తితే 270. రెండు వందల గ్రాముల ఉడికిన అన్నం దాదాపు అంతకు సమానం. ఒక కిలో కొవ్వు కరగడానికి సుమారు 7700 కావాలి. అనగా తిండి ఏమీ మార్చకపోతే, వారానికి మూడు పరుగులతో, ఒక కిలో తగ్గడానికి తొమ్మిది పది వారాలు. పరుగెత్తి వచ్చి హోటలులో రెండు పూరీలు అదనంగా తిన్నవారికి ఆ కిలో కూడా తగ్గదు, పెరిగినా ఆశ్చర్యం లేదు. బరువు తగ్గించేది ముఖ్యంగా కంచం. అన్నం కుప్ప సగానికి తగ్గించి, ఆ చోటును కూర, పప్పు, మజ్జిగలతో నింపాలి. నూనె కొలిచి వాడాలి, ఒక పెద్ద చెంచా నూనెలోనే 120 ఉన్నాయి. రాగి ముద్ద మంచిదే గాని, అది కూడా ముద్దల లెక్కకు లోబడినదే.

తూనిక రాయి కదలకపోయినా లోపల మార్పు జరుగుతూనే ఉంటుంది. నడుము కొలత, రక్తపోటు, చక్కెర, నిద్ర మెరుగుపడతాయి. అమెరికాలో 55 వేల మందిని సగటున 15 ఏళ్లు గమనించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, పరుగెత్తేవారిలో అన్ని కారణాల మరణాలు 30 శాతం, గుండె సంబంధ మరణాలు 45 శాతం తక్కువగా ఉన్నాయి. రోజుకు ఐదు పది నిమిషాలు నెమ్మదిగా పరుగెత్తేవారిలో కూడా మేలు స్పష్టంగా కనిపించింది. అందువలన ఆరంభకులు నెలకొకసారి నడుము కొలిచి, మూడు నెలలకొకసారి చక్కెర, రక్తపోటు చూపించుకొని ఒక పుస్తకంలో రాసుకోవడం మేలు. రోజూ తూకం వేసుకోవడం నిరుత్సాహానికి దారి.

విరామం తరువాత

పెళ్లిళ్లు, పండుగలు, కోతలు, నాట్లు, పిల్లల పరీక్షలు ఏ పట్టికనైనా తెంచుతాయి. వారం రోజులు తప్పితే ఆపిన చోటనే మొదలుపెట్టవచ్చు. రెండు మూడు వారాలు తప్పితే పట్టికలో రెండు వారాలు వెనక్కు పోవాలి. నెల దాటితే మొదటి వారపు 60 సెకన్ల నుంచే, అయితే ఈసారి ఒక్కొక్క మెట్టు తొందరగా దాటుతారు. జ్వరం ఉన్నప్పుడు పరుగెత్తరాదు. జ్వరం పూర్తిగా తగ్గి, మందు లేకుండా రెండు మూడు రోజులు గడిచి, ఆకలి మామూలైన తరువాత నడకతో మొదలుపెట్టాలి. డెంగీ, చికున్‌గున్యా వంటివి వచ్చి వెళ్లినవారికి కీళ్ల నొప్పులు వారాల తరబడి ఉంటాయి. అవి తగ్గేదాకా నడకే.